తొమ్మిది అంకె మీది పెచ్చు

నాకు అన్నిటికంటే భయం ఒక్కటే. ఆవగింజలో సగం కూడా లేని ఆ రేడియం పెచ్చు మా పాప జినేవ్రా కడుపులోకి పోయిందేమోనని.

ఆ రోజు మా మామగారు ఓరెస్తె ఎప్పటిలాగే ఎనిమిదింటికే కొట్లో కూర్చున్నారు. ఇటలీలో లా స్పెజియా రేవు వెనక సందులో, కిటికీ పక్క బల్ల. కుడి కంట్లో భూతద్దం ఇరికించుకుని, పాత గడియారాల్లో ఏది అసలో ఏది అతుకో చెప్పడమే నలభై ఏళ్లుగా ఆయన పని. పొట్టి వేళ్లు, గోళ్లలో నల్లటి నూనె. సందు దాటితే ఆయన పేరు తెలిసినవాళ్లు లేరు.

ఆయన చేతిలో ఉన్నది నౌకాదళంలో పనిచేసిన ఒక గజఈతగాడి గడియారం, డెబ్భై ఏళ్ల నాటిది. అతను పోయాక దాన్ని అమ్మడానికి తెచ్చిన భార్య ఎర్సీలియాగారు సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. కొనడానికొచ్చిన వ్యాపారి తార్చీజియో నిలబడే ఉన్నాడు.

మామగారు దాన్ని అరచేతిలో తూచి చూశారు. ఉక్కు అంచులు పదునుగానే ఉన్నాయి, ఎవరూ మెరుగు పెట్టలేదు. అంకెల మీది రేడియం రంగు వెలుగుతుందేమోనని చీకటి అల్మారాలో పెట్టి, తలుపు సందులోంచి చాలాసేపు చూశారు.

"వెలగడం లేదు."

ఎర్సీలియాగారి మొహం వాడిపోయింది. "పాడైపోయిందా నాయనా?"

"వెలిగితేనే పాడు పిన్నిగారూ," అన్నాడు తార్చీజియో. "వెలిగిందంటే మొన్నెవడో కొత్త రంగు పూశాడన్నమాట. మా దగ్గర చచ్చినదానికే ధర. మీ ఆయనుంటే ఒప్పుకునేవాడు."

వెలుగు చచ్చినా విషం చావదని ఆ కొట్లో ఎవరూ అనలేదు.

మామగారు వెనక మూత తిప్పి, లోపలి యంత్రంతో పాటు డయల్ పైకి తీశారు. పట్టకారు ఆగిపోయింది.

"ఎవరూ కదలకండి."

తొమ్మిది అంకె చివర పెచ్చు రాలిపోయింది.

"అది దొరికితే నలభై వేల యూరోలు, లేకపోతే ఇరవై," అంటూ తార్చీజియో మోకాళ్ల మీద కూలబడ్డాడు. మామగారు కూడా వంగారు. నాలుకతో వేలు తడుపుకోవడం, నేల మీద అద్దడం, అంటుకున్నది భూతద్దంలో చూడడం, మళ్లీ తడుపుకోవడం. ఆయన చేతికి అదే అలవాటు.

పధ్నాలుగు నెలల జినేవ్రా బల్ల కింద కూర్చుని ఫరినాత అట్టు ముక్క చప్పరిస్తోంది. మాడిన శనగపిండి అట్టు అంచుదీ ఆ పెచ్చుదీ ఒకటే రంగు. పాప గడ్డం నిండా అవే పొడులు.

"నోరు తెరిపించమ్మా," అన్నాడు తార్చీజియో. "ఇరవై వేలు నములుతోంది."

నేను బల్ల కిందికి వంగి పాప నోట్లో వేలు పెట్టాను. కరిచి ఏడ్చింది. పిండి ముద్ద తప్ప ఏమీ రాలేదు. ప్రతి రవ్వా మామగారికి చూపించాను. ప్రతిసారీ తల అడ్డంగా ఊపారు. చివరికి నా మొహం వైపు చూసి నెమ్మదిగా లేచారు.

"ఇంక వెతక్కు అమ్మాయ్. నా వేలికే అంటుకున్నట్టుంది. మింగేశాను."

"ఖరీదైన ఫలహారమే చేశావు పెద్దాయనా," అని తార్చీజియో ఎర్సీలియాగారి వైపు తిరిగాడు. "సగానికే తీసుకుంటాను పిన్నిగారూ. రేపైతే అదీ ఇవ్వను." ఆవిడ తలూపారు.

ఒంట్లోకి పోయిన రేడియం ఎముకల్లో చేరుతుందట. ఆ తర్వాత నాలుగో ఏడు మామగారి దవడ ఎముక కుళ్లిపోయింది. తీసేశారు. మాట పోయాక నేను కాగితం ఇచ్చి అడిగాను, ఆ రోజు నిజంగా మీరే మింగారా అని. అలాంటి మనిషిని అలా అడగకూడదని తెలిసే అడిగాను. "అవును" అని రాశారు. రాసే ముందు ఎంతసేపు ఆగారో నేను చూశాను. ఆ తర్వాతి మంగళవారం పొద్దున పోయారు.

జినేవ్రాకి ఇప్పుడు ఆరేళ్లు. నిన్నటి నుంచి కింది పన్ను కదులుతోంది. ఆ వయసులో అందరికీ కదులుతుందని మా ఆయన విసుక్కుంటున్నాడు. అందరి పిల్లలూ ఆ బల్ల కింద కూర్చోలేదు కదా. మీలో దవడ చూడడం తెలిసినవాళ్లెవరైనా ఉంటే, కొట్టు పక్క మెట్లెక్కి రండి. నాకేమీ చెప్పక్కర్లేదు, ముందు ఆ పన్ను కింద ఒక్కసారి నొక్కి చూడండి.