పదకొండో నంబరు సీల్ ముందు మాట్లాడరాదు

మా కొలను పక్క గోడ మీద ఎర్రక్షరాలతో ఒక బోర్డుంది: "ఇక్కడ మాట్లాడరాదు." దాన్ని తు.చ. తప్పకుండా పాటించే మనిషిని నేనొక్కదాన్నేనని పన్నెండేళ్లుగా నా నమ్మకం.

దెబ్బ తిన్న సముద్రపు జంతువుల్ని బాగుచేసి మళ్లీ సముద్రంలో వదిలే చోటు మాది. నా పని మేత వెయ్యడం. అదేం పెద్ద విద్య అనుకునేవాళ్లు ఒక రోజు వచ్చి చూడొచ్చు. చెక్క అడ్డు వెనక నిలబడి, గొట్టంలోంచి చేపను తల ముందుకొచ్చేలా జారవిడవాలి. తోకవైపు నుంచి మింగితే ముళ్లు గొంతులో గుచ్చుకుంటాయి. మనం కంటబడకూడదు, చెవినా పడకూడదు. మనిషి ఉన్నచోట తిండి ఉంటుందని సీల్ పిల్లకు తెలిసిపోతే, రేపు కనబడ్డ ప్రతి పడవ వెంటా పడి, ఏ ఇంజను రెక్కో తగిలి చస్తుంది. ముద్దు పేర్లు కూడా పెట్టకూడదు. అందుకే మా సీల్ పిల్లకు పేరు లేదు, నంబరే: పదకొండు.

అది నాలుగు నెలల కిందట తుపానులో ఒడ్డుకు కొట్టుకొచ్చింది. సీల్ తల్లి నాలుగు వారాలు చిక్కటి పాలిచ్చి, ఇక నీ తిండి నువ్వు చూసుకోమని వెళ్లిపోతుంది. ఒంట్లో కొవ్వు కరిగేలోపు పిల్ల తనంతట తాను వేట నేర్చుకోవాలి. మా ఇంట్లో అరవైకి దగ్గరపడుతున్న పెద్దమనిషికి కంచం ఏ గూట్లో ఉంటుందో ఇప్పటికీ తెలియదు. ఆయనకు మాత్రం ఎవరూ పరీక్ష పెట్టరు.

పదకొండుకు శుక్రవారం పరీక్ష. డాక్టరమ్మ కొలనులోకి బతికున్న చేపల్ని వదులుతుంది. పట్టుకుని తింటే సముద్రం. లేదంటే ఏదో ప్రదర్శనశాలలో జన్మంతా ముక్కు మీద బంతి నిలబెట్టుకుంటూ బతకాలి.

నా భయమంతా మా మరిదితోనే. ఐసులో గడ్డకట్టిన చేపల్ని కరిగించి బాల్టీల్లో నింపే పని అతనిది. పని చేసుకుంటూ పాటలు తీస్తాడు. "సన్నగానే కదా వదినా," అంటాడు. ఆ సన్నదనం వీధి చివరికి వినబడుతుంది. డాక్టరమ్మకు చెప్పి అతన్ని కొలను దరిదాపులకు రానివ్వకుండా చేశాను. పాపం, నాలుగు నెలలు చలిగదిలోనే పాడుకున్నాడు.

శుక్రవారం చేపలు వదిలారు. చీకట్లో కూడా మీసాలతో నీటి కదలిక పసిగట్టి చేప వెంట పోగల జంతువు అది. మా పదకొండు మాత్రం గొట్టం మూతి కేసి చూస్తూ కూర్చుంది. చేపలు దాని ముక్కు ముందునుంచే షికారు చేశాయి. అరగంటయింది. డాక్టరమ్మ పుస్తకంలో ఏదో రాసింది.

"అచ్చం మా ఆయనే," అని గొణిగాను. "కంచం ముందు పెట్టినా..."

మాట పూర్తికాలేదు. పదకొండు నీళ్లు చీల్చుకుంటూ వచ్చి, నేనున్న అడ్డు కింద తలెత్తి నోరు తెరిచింది.

డాక్టరమ్మ నావైపు తిరిగింది. "రోజూ ఇక్కడ ఏం మాట్లాడతారు?"

"నేనా? ఒక్క ముక్క మాట్లాడలేదమ్మా. ఏదో గొణుక్కుంటాను. గొణుక్కోవడం మాట్లాడటం కాదు కదా."

నేనన్న ప్రతి మాటకీ పదకొండు నోరు ఇంకాస్త తెరిచింది. గుమ్మంలో నిలబడి చూస్తున్న మా మరిది నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

నాలుగు నెలలు, రోజుకు మూడు పూటలు, మా ఆయన గురించి, బస్సు కండక్టరు గురించి, డాక్టరమ్మ చేతిరాత గురించి, అన్నీ దానికే చెప్పుకున్నాను, చేప జారవిడుస్తూనే. ముప్పై ఏళ్లు చెవిలో ఇల్లు కట్టుకుని పోరినా మా ఆయన తలెత్తలేదు. నా గొంతు వినగానే పరుగెత్తుకొచ్చిన ప్రాణి ఇదొక్కటే. దాని బతుకు నేనే పాడుచేశాను.

"పది రోజులు గడువివ్వండి," అన్నాను. "రోజూ వచ్చి మాట్లాడతాను. చేప మాత్రం వెయ్యను."

బతికున్న చేపల్ని అవతలి గట్టునుంచి మరిది చప్పుడు చెయ్యకుండా వదిలాడు. నేను అడ్డు వెనక కూర్చుని నోటికొచ్చిందల్లా మాట్లాడాను. మొదటి రెండు రోజులు పదకొండు నా అడ్డు కిందే నోరు తెరుచుకుని ఎదురుచూసింది. బాల్టీ ఖాళీగా ఉన్నందుకు చేతులు కట్టేసినట్టుండేది. నాలుగో రోజు సగం దూరం వచ్చి ఆగిపోయింది. ఆరో రోజు, కండక్టరు చిల్లర కథ మధ్యలో ఉండగా, అవతల నీళ్లు ఎగిరాయి. దాని నోట్లో చేప తోక ఆడుతోంది. తొమ్మిదో రోజుకి నేనెంత అరిచినా మీసం కూడా తిప్పలేదు.

పదకొండో రోజు సముద్రం ఒడ్డున దాని పెట్టె తలుపు తీశారు. అది ఇసుకమీద పొట్టతో దేకుతూ నీటివైపు కదిలింది.

"ఆఖరి పరీక్ష. మాట్లాడండి," అంది డాక్టరమ్మ.

మాట్లాడాను. తిట్టాను. జాగ్రత్త అన్నాను. పడవల దగ్గరికి పోకు అన్నాను. అది నీళ్లందుకునేదాకా పిలిచాను. అల వచ్చింది, పదకొండు మునిగింది. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.

"అచ్చం మీ అన్నయ్యే," అన్నాను మరిదితో.

అతను భుజం మీది తువ్వాలు తీసి నా చేతికిచ్చాడు. చేపల కంపు కొడుతోంది. ఆ మాట అనకుండా కళ్లు తుడుచుకున్నాను.