వెనక ఊడ్చే మనిషి

ఆ దీవిలో రాత్రి ఉండనివ్వడమే గొప్ప. పక్షులు గుడ్లు పెట్టే చోటు కాబట్టి సవాలక్ష షరతులు. నిప్పు రాజేయకూడదు, గవ్వ కూడా ఏరకూడదు. తిరిగి వచ్చేటప్పుడు చివరి మనిషి చీపురుతో అందరి అడుగులూ చెరిపేస్తూ రావాలి. జాడ కనిపిస్తే తర్వాత వచ్చేవాళ్లు అదే దారి పట్టి గూళ్ల మీదికి పోతారని ఈ ఏర్పాటు. బృందాలను తీసుకెళ్లే ఆవిడ ఈ విషయంలో మహా గట్టిది. చాటుగా అందరూ ఆమెను హెడ్మాస్టరమ్మ అనేవారు.

నిరుడు ఆ చీపురు ఆమె భర్త చేతిలో ఉండేది. ఎవరో మహానుభావుడు మరిచిపోయిన చెంచా కోసం, "నువ్వు ముందు నడు, వెనక నేనొస్తా" అని ఆయన వెనక్కి వెళ్లాడు. అలవాటు కొద్దీ తన అడుగులు తానే ఊడ్చేసుకుంటూ పోయాడు, తిరిగి రాలేదు. వెతకడానికి వచ్చినవాళ్లకు ఎటు వెళ్లాడో ఆనవాలు దొరకలేదు. అంత శుభ్రంగా పనిచేసినందుకు ఆమెకు ఇప్పటికీ ఆయన మీద కోపం.

ఈసారీ వెంట బృందం ఉంది గానీ, ఆమె వచ్చింది వాళ్ల కోసం కాదు. ఏ రూపంలో దొరికినా సరే, ఆయనను ఇంటికి తీసుకుపోవాలి. గూళ్ల జోలికి పోకుండా తుప్పలన్నీ గాలించింది. ఏమీ దొరకలేదు.

గుడారాలు విప్పి బయలుదేరారు. చీపురు బృందంలోని ఓ బ్యాంకు గుమస్తాకు అప్పజెప్పింది. కొంత దూరం పోయాక అతను పరుగున వచ్చాడు.

"నేనింకా మొదలే పెట్టలేదండీ. వెనక్కి చూస్తే అంతా ఊడ్చేసి ఉంది."

"ఎవరో వేళాకోళం చేసుంటారు."

"అందరూ నా ముందే ఉన్నారు కదండీ."

ఆమె వెళ్లి చూసింది. ఇసుకలో చీపురు గీతలు ఎడమ పక్కకి వాలి ఉన్నాయి. ఆయనది ఎడమచేతి వాటం. ఒళ్లు జలదరించింది, ఏడుపూ తన్నుకొచ్చింది. పక్షులు ఒక్కసారిగా నోరు మూసుకున్నాయి. తుప్పల అవతల ఇసుక మీద చీపురు చప్పుడు మాత్రం వినిపించి, ఆగింది.

అటు పోవాలని ప్రాణం కొట్టుకుంది. కానీ ముందువాళ్లు నడిస్తేనే వెనక ఊడ్చే మనిషి కదులుతాడు.

"నేను ముందు నడుస్తాను. మీరు రండి" అంది తుప్పల కేసి మెల్లగా. తిరిగి చూడకుండా నడిచింది. చప్పుడు మళ్లీ మొదలైంది.

"అంతా ఎక్కినట్టేనా అమ్మా?" అన్నాడు పడవవాడు.

అప్పుడు తిరిగి చూసింది. నీటి అంచు దాకా ఇసుక శుభ్రంగా ఉంది. ఆమె అడుగులు కూడా లేవు.

"ఇంకొకరున్నారు. కాస్త ఆగు బాబూ."

పడవవాడు ఖాళీ ఒడ్డుకేసి చూసి ఏదో అనబోయాడు. అంతలో పడవ ఓ పక్కకి ఒరిగింది, ఎవరో కాలు మోపినట్టు. ఆమె కొంచెం జరిగి పక్కన చోటిచ్చింది.