సొట్టపళ్ళెం

మామిడి అంటు చేతిలో ఉంటే హెలెన్ మాట్లాడదు. టెంకమొక్క తల కోసి, మొదలు చీల్చి, మంచి రకం కొమ్మను అందులో దూర్చి ప్లాస్టిక్ పట్టీ చుట్టేదాకా పెదవులు బిగబట్టే ఉంటుంది. కడియం నర్సరీల్లో ఈ పని చెయ్యబట్టి ముప్ఫై ఏళ్ళు దాటింది. నెరిసిన జుట్టు, ఎర్రమట్టి పట్టిన గోళ్ళు, చెంపల మీద చెక్క అరగదీసి రాసుకున్న లేతపసుపు పూత. కొత్త కూలీలు అది చూసి మొహాన గంధమేంటని నవ్వుకుంటారు. పాతవాళ్ళకి ఆమె బర్మా హెలెన్, అంతే.

ఆమె తాత కోరంగి రేవులో ఓడెక్కి బర్మాలోని మౌల్మీను వెళ్ళాడు. అక్కడే పుట్టిన హెలెన్‌ని ఆ ఊరివాళ్ళు కోరంగిదనేవారు. కాలేజీలో ఉండగా సైన్యం పాలన వద్దంటూ వీధిలోకొచ్చింది. తుపాకులు పేలాయి. అడవులు దాటి, సరిహద్దు దాటి, తాత భాష మాట్లాడే చోటికి చేరింది. రెంటికీ చెడ్డ రేవడినని తనమీద తనే జోకులేసుకునేది. తల్లి పోయినప్పుడు మాత్రం వెళ్ళలేకపోయింది. ఆ బాధ ఇప్పటికీ పచ్చిగానే ఉంది.

ఇక మిగిలింది తమ్ముడు శామ్యూల్. సైన్యం మళ్ళీ గద్దెనెక్కినప్పుడు, బడిపంతులైన శామ్యూల్ ఎదురు తిరిగి జైల్లో పడ్డాడు. అక్కడి దీపాల పండక్కి కొందరు ఖైదీల్ని వదులుతారు. ఈసారి తప్పకుండా వస్తాడని మరదలు చెప్పింది. అందుకే పొద్దుట్నుంచీ హెలెన్ చెవి ఫోను మీదే ఉంది.

మధ్యాహ్నం క్యారేజీ విప్పుతుండగా మోగింది. బర్మా భాషలో నాలుగు మాటలు విని పెట్టేసింది.

"ఏవన్నారు?" అంది పక్కన కూచున్న పాపాయమ్మ. నర్సరీలో తోటి కూలీ, ఇంటి దగ్గర గోడవతల మనిషి.

"వదల్లేదంట అక్కా."

"ఇంకో పండక్కి వదుల్తార్లే. నువ్వు ముందు తిను."

హెలెన్ తినలేదు. ఎడంచెయ్యి లాగుతోందని రుద్దుకుని మళ్ళీ బ్లేడు పట్టుకుంది. యజమాని గణేష్‌బాబు అటుగా వచ్చి, "ఒంట్లో బాలేదా హెలెనమ్మా? ఇంటికెళ్ళిపో" అన్నాడు.

"ఆయ్, ఈ వరస అయిపోనీండి బాబుగారూ."

సాయంత్రాలు ఆమెకి ఇంకో కొలువుంది. ఖైదీల తల్లులు ఫోన్లో బర్మా భాషలో ఏడ్చిందంతా ఇంగ్లీషులో రాస్తుంది. నార్వేలో, జపాన్లో సభలు పెట్టే బర్మావాళ్ళు అది చదివి వినిపిస్తారు. ఆపైన అందరూ వీడియోలోకి వచ్చి ఎవరింట్లో వాళ్ళు పళ్ళేలు మోగిస్తారు. గిన్నెలు కొట్టి దయ్యాన్ని తరమడం బర్మాలో పాత ఆనవాయితీ. ఇప్పుడు తరమాల్సింది సైన్యాన్నయింది. ఆ సైన్యం గద్దెనెక్కడానికి ముందు ఏడే కరోనా పోవాలని మన ఊళ్ళన్నీ పళ్ళేలు కొట్టాయి కదా, వీధివాళ్ళు ఇదీ అదే అనుకున్నారు. ఆమె విడమరిచి చెప్పింది. అంతా విని, మర్నాడు మళ్ళీ "మీ ఇంట్లోంచి కరోనా ఇంకా పోలేదాండీ?" అన్నారు. హెలెన్ అన్నం తినేదీ మోగించేదీ ఒకటే స్టీలు పళ్ళెం. గరిటె దెబ్బలకి మధ్యలో సొట్ట పడి, పులుసు పోసుకుంటే అక్కడే నిలుస్తుంది. తమ్ముడు బయటికొచ్చేదాకా కొడతానని మరదలికి మాటిచ్చింది.

ఆ సాయంత్రం చప్పుడు బొత్తిగా నీరసంగా వినిపించింది. పాపాయమ్మ పొయ్యి దగ్గర్నుంచే కేకేసింది.

"ఏంటి హెలెనూ, చేతుల్లో సత్తువ లేదా? అలా కొడితే నీ దయ్యం నవ్విపోద్ది!"

మధ్యాహ్నం తినలేదన్న సంగతి గుర్తొచ్చి, గిన్నెలో చారన్నం కలిపి పట్టుకెళ్ళింది.

హెలెన్ కుర్చీలో గోడకి ఆనుకుని ఉంది. ఒళ్ళో పళ్ళెం, కింద గరిటె. ముట్టుకుంటే చెయ్యి చల్లగా తగిలింది. చప్పుడు ఫోన్లోంచి వస్తోంది. తెర మీద ఎక్కడెక్కడివాళ్ళో, ఒకరింట్లో ఎండ, ఒకరింట్లో దీపం, పళ్ళేలు మోగిస్తూనే ఉన్నారు. హెలెన్ కదలకపోతే సిగ్నల్ లేదనుకున్నారు కాబోలు.

"ఆపండర్రా... మీ హెలెన్ పోయింది" అంది పాపాయమ్మ, ఏడుస్తూ. ఆ తెలుగు మాటలు వాళ్ళకి అర్థం కాలేదు. తమతో కలవడానికి ఇంకో మనిషి వచ్చిందనుకుని, చేతులూపి మరింత గట్టిగా కొట్టారు.

మర్నాడు చర్చి సమాధుల దగ్గర్నుంచి వచ్చాక పాపాయమ్మ ఆ పళ్ళేన్ని తోమి అరుగు మీద పెట్టింది. సొట్టలో కాసిని నీళ్ళు నిలిచాయి.