కరవదన్నాడు

హ్యామ్‌స్టర్‌ను ప్రేమ్‌రాజ్ ముర్గీచౌక్‌లో కొన్నాడు. అమ్మినవాడు బబ్లూ. పంజరాల మధ్య స్టూలు వేసుకుని పావురాలకు సజ్జలు పోస్తున్నాడు.

"ఇది ఎలుక పిల్లనా భాయ్?"

"ఎలుక గాదన్నా, హ్యామ్‌స్టర్. పొట్టి జాతి. గింతే ఉంటది, ఇంక పెరగది. ఎలుక కావాల్నంటే మీ ఇంట్లనే దొరుకుతది, నా దగ్గరికెందుకొస్తవ్?"

"కరుస్తదా?"

"కొత్తల ఎవ్వలైన కరుస్తరు. రోజు చేతితోని తినవెట్టు, అలవాటైతది."

బబ్లూ పంజరం, అందులో తిరిగే చక్రం, నీళ్ల సీసా, రంపపు పొట్టు సంచీ ఇచ్చాడు. ప్రేమ్‌రాజ్ అవన్నీ లాల్‌దర్వాజా దాకా చేతుల్లో మోసుకొచ్చాడు.

అతను లాడ్ బజార్ వెనక గల్లీలో లక్క గాజుల కార్ఖానాలో పని చేస్తాడు. లాల్‌దర్వాజాలో ఒక గది అద్దెకు తీసుకుని ఒక్కడే ఉంటాడు. భార్య రూప రెండేళ్ల కిందట కూతురు స్వీటీని తీసుకుని జల్‌పల్లిలో ఉన్న అన్న ఇంటికి వెళ్లిపోయింది. ప్రేమ్‌రాజ్ ఆమె మీద రెండుసార్లు చెయ్యి చేసుకున్నాడు. రెండోసారి తర్వాత ఆమె ఉండలేదు.

పెద్దమనుషులు కూర్చున్నారు. రూప మేనమామ ఓదెలు మాట తేల్చాడు. ఆదివారం పొద్దున తండ్రి వచ్చి పిల్లను తీసుకుపోవాలి. దీపాలు పెట్టేలోగా తెచ్చి దిగబెట్టాలి. పిల్ల రానంటే మాత్రం బలవంతం లేదు. ఆఖరి మాటకు కూడా ప్రేమ్‌రాజ్ తల ఊపాడు. కన్నతండ్రి దగ్గరికి పిల్ల రానని ఎందుకంటుందనుకున్నాడు.

ఈ మధ్య స్వీటీ అలా అనడం మొదలుపెట్టింది. ఒక ఆదివారం కడుపునొప్పి. ఇంకో ఆదివారం స్నేహితురాలి పుట్టినరోజు. వచ్చిన రోజున కూడా తండ్రి ఫోను తీసుకుని మూల కూర్చునేది. సాయంత్రం అతను తిరిగి అడిగితే ఇచ్చేది. ఆ ఫోనులో ఆమె చూసినవన్నీ హ్యామ్‌స్టర్ల వీడియోలే. బుగ్గల్లో గింజలు కుక్కుకునేవి, చక్రంలో పరిగెత్తేవి, అరచేతిలో నిద్రపోయేవి. అది చూసి ప్రేమ్‌రాజ్ ముర్గీచౌక్‌కు వెళ్లాడు.

ఇంటి ఓనరు నాగమణమ్మ పంజరం ముందు వంగి చూసింది.

"ఇదేంది ప్రేమ్‌రాజూ?"

"బిడ్డ కోసం తెచ్చినమ్మా."

"అందరు ఎలుకల్ని వట్టి చంపుతందుకు బోను వెడ్తరు. నువ్వు బోనుల వెట్టి సాకుతున్నవ్. నా బియ్యం డబ్బా జోలికొచ్చిందనుకో, దాన్నీ నిన్నూ ఒక్కపారే బయటికి ఎల్లగొడ్త."

ఆ ఆదివారం స్వీటీ ఫోను అడగలేదు. పంజరం ముందు బోర్లా పడుకుని చూసింది. దానికి బఠాణి అని పేరు పెట్టింది. ముట్టుకోవడానికి భయపడింది. వచ్చే వారానికి దాన్ని అలవాటు చేస్తానని ప్రేమ్‌రాజ్ చెప్పాడు. వారం మధ్యలో స్వీటీ తల్లి ఫోను నుంచి కాల్ చేసింది. రెండేళ్లలో తనంతట తాను చేయడం అదే మొదలు.

"బఠాణి ఏం చేస్తుంది డాడీ?"

"తింటుంది బిడ్డా."

"నీ చేతిలకెల్లి తింటుందా?"

"నా చేతిలకెల్లే."

అది నిజం. కార్ఖానా నుంచి రాగానే అతను పల్లీ బద్దను రెండు వేళ్లతో పట్టుకుని పంజరం ఊచల సందులో పెట్టేవాడు. బఠాణి వచ్చి లాక్కునేది. కొన్ని రోజులకు పల్లీ లేకపోయినా వచ్చి వేలిని పట్టుకోసాగింది. తర్వాత అతను మూత తీసి చెయ్యి లోపల పెట్టి, పైనుంచి దాన్ని పట్టి ఎత్తేవాడు. అది వేలి కొసకు మూతి ఆనించి కదిపేది. ఏదో కదులుతున్నట్టు మాత్రం అతనికి తెలిసేది. నాకుతోందనుకున్నాడు.

ప్రేమ్‌రాజ్ పదమూడో ఏట లక్క పనిలో చేరాడు. కుంపటి మీద లక్క ముద్దను కరిగించి, చెక్కతో సాగదీసి, గుండ్రంగా వంచి గాజు చేస్తారు. లక్క వేడి మీద ఉన్నప్పుడే రాళ్లను ఒక్కొక్కటిగా వేలితో అదమాలి. ఆగితే లక్క బిగుస్తుంది, రాయి పట్టదు. మొదట్లో వేళ్లు బొబ్బలెక్కుతాయి. బొబ్బలు చితికి, ఎండి, మళ్లీ కాలి, చివరికి వేళ్ల చర్మం చెప్పు అడుగులా తయారవుతుంది. రేషన్ షాపులో మిషను ప్రేమ్‌రాజ్ వేలిముద్ర తీసుకోదు. డీలరు అతన్ని కంటి మిషనులోకి చూడమంటాడు. కార్ఖానాలో అందరి వేళ్లూ అంతే. అందుకే అక్కడ వాటి గురించి ఎవరూ మాట్లాడుకోరు.

తర్వాతి ఆదివారం స్వీటీ చెప్పులు విప్పకుండానే పంజరం దగ్గరికి వెళ్లింది.

"కరుస్తదా డాడీ?"

"కరవది బిడ్డా. వారం నుంచి నా చేతిలనే తింటుంది. ముద్దువెడ్తది."

స్వీటీ పల్లీ బద్ద తీసుకుని ఊచల సందులో పెట్టింది. బఠాణి వచ్చింది. పల్లీని వదిలేసి వేలిని పట్టింది. స్వీటీ అరిచి చెయ్యి లాక్కుంది. అది వేలితోపాటు ఊచల దాకా వచ్చి, అక్కడ తల తగిలి వదిలింది. రక్తం ఫ్రాకు మీద పడింది.

"కరవదన్నవ్!" అంది స్వీటీ. ఏడుస్తూ మళ్లీ అదే మాట అంది. "కరవదన్నవ్ గద!"

నాగమణమ్మ పసుపుతో వచ్చింది. ప్రేమ్‌రాజ్ స్వీటీ వేలిని నల్లా కింద పెట్టి కడిగాడు. పంటి గాట్లు రెండు కనిపించాయి.

"నన్నెన్నడు కరవలే బిడ్డా. ఒట్టు. ఇగో, నువ్వే చూడు."

అతను పంజరం తెచ్చి కూతురి ముందు పెట్టి తన వేలు లోపలికి పెట్టాడు. బఠాణి వచ్చింది. ప్రేమ్‌రాజ్ కూతురి వైపు చూస్తూ, "చూసినవా, ఏమంటలేదు" అన్నాడు.

స్వీటీ ఏడుపు ఆపి చూసింది.

"కరుస్తుంది డాడీ."

"ఏది?"

"నీ వేలు. ఇప్పుడే కరుస్తుంది. చూడు."

అతను చూశాడు. దాని పళ్లు వేలిలో దిగి ఉన్నాయి. వేలు బయటికి తీసి వెలుతురులో పట్టుకున్నాడు. తోలు మీద చిన్న గుంటలు చాలా ఉన్నాయి. ఒక్కదాంట్లోనూ రక్తం లేదు. వారంగా అవి లక్క అంటిన మచ్చలనుకున్నాడు. స్వీటీ అతని వేలిని తన చేతిలోకి తీసుకుని గోటితో గుచ్చింది.

"నొస్తుందా?"

"లేదు."

"గిప్పుడు?"

"లేదు బిడ్డా."

"అయితే నువ్వు అబద్ధం చెప్పలే" అంది స్వీటీ.

దగ్గర్లోని క్లినిక్‌లో డాక్టరు గాయం కడిగి, కట్టు కట్టి, టీటీ ఇంజెక్షను ఇచ్చాడు. ప్రేమ్‌రాజ్ కూతురిని మధ్యాహ్నమే జల్‌పల్లి తీసుకెళ్లాడు. రూప గేటు దగ్గరే కట్టు చూసింది.

"డాడీ తప్పు లేదమ్మా" అని స్వీటీ ముందే చెప్పింది. "డాడీ వేళ్లకు తెల్వది. కరిసినా తెల్వది. నేను చూసిన."

"నాకెరుకనే" అంది రూప. "నన్ను కొట్టిననాడు గూడ గట్టిగ తగల్లే అన్నడు. నువ్వు లోపలికి నడువ్."

స్వీటీ లోపలికి వెళ్లాక రూప గేటు దగ్గరగా వేసింది.

"ఆ ఎలుక ఆ ఇంట్ల ఉన్నన్ని రోజులు పిల్లను పంప. మామకు ఫోన్ చేసి చెప్త."

"తీసేస్త."

"తీసేసినంకనే రా."

సోమవారం ప్రేమ్‌రాజ్ పంజరం తీసుకుని ముర్గీచౌక్ వెళ్లాడు. బబ్లూ పంజరంలో పుల్ల పెట్టి చూశాడు. బఠాణి పుల్లను పట్టుకుని వదల్లేదు.

"గిట్ల పాడు చేసినవేందన్నా? కరిసేదాన్ని ఎవ్వడు కొనడు. వద్దు, తీస్కపో."

"పైసలొద్దు భాయ్. ఊకెనే పెట్టుకో."

"ఊకెనే అయినా దానికి మేత నేనెయ్యాలె గద. నహీ జీ."

లాల్‌దర్వాజాలో గది ఉన్న గల్లీ చివర ఖాళీ ప్లాటు ఉంది. చెత్త అక్కడే వేస్తారు. ప్రేమ్‌రాజ్ పంజరం నేల మీద పెట్టి మూత తీశాడు. బఠాణి బయటికి రాలేదు. అతను పంజరం వంచాడు. అది పొట్టుతోపాటు ఇసుకలో పడి, పడ్డచోటే కూర్చుంది. అతను పక్కన గుప్పెడు పల్లీలు పోశాడు. గోడ మీద పిల్లులున్నాయి. రాయి విసిరి అదిలించాడు. అవి పక్క గోడ మీదికి వెళ్లి కూర్చున్నాయి. అతనికి కార్ఖానాకు ఆలస్యమవుతోంది. వెళ్లిపోయాడు.

ఆదివారం స్వీటీ గేటు బయటే నిలబడి ఉంది. వేలికి కట్టు లేదు. చేతిలో చెంచా, చిన్న డబ్బా ఉన్నాయి. అతను దగ్గరికి రాకముందే మాట్లాడడం మొదలుపెట్టింది.

"డాడీ, తప్పు మనదే. ఊచల సందులకెల్లి తినవెట్టొద్దంట. గట్ల వెడ్తె ఏది లోపలికొచ్చినా తిండే అనుకుంటదంట. పైనుంచి పట్టుకోవద్దు, గద్ద అనుకుంటది. ముందు చంచాతోని వెట్టాలె. తర్వాత చెయ్యి ఊకెనే లోపల వెట్టి కదలకుంట ఉండాలె, దానంతట అదే ఎక్కాలె. నేను పొద్దుతిరుగుడు గింజలు తెచ్చిన."

ప్రేమ్‌రాజ్ గేటు లోపల నిలబడ్డ రూపను చూశాడు.

"తీసేసిన" అన్నాడు.

స్వీటీ ఆగింది. "ఏం తీసేసినవ్?"

"బఠాణిని. షాపుల వాపస్ ఇచ్చిన."

"ఆ అన్న తీస్కున్నడా?"

"తీస్కున్నడు."

"మంచిగ చూస్కుంటడా?"

"మస్తు చూస్కుంటడు. ఫికర్ చెయ్యకు."

స్వీటీ తల్లి వైపు తిరిగింది. "ఇంటికి తేనమ్మా. షాపులనే చూసొస్త. చంచాతోని ఎట్ల వెట్టాల్నో ఆ అన్నకు చెప్పొస్త. లేకుంటే మళ్ల ఎవరినన్న కరుస్తది."

"చూపియ్యి మరి" అంది రూప అతనితో. "గింత అడుగుతుంది గద."

ఆటోలో అతను జూకు పోదామా అన్నాడు. స్వీటీ ముందు బఠాణి అంది. చెప్పడానికి దారంతా సమయం ఉంది. అతను చెప్పలేదు. బబ్లూ దగ్గర ఆ జాతివే ఇంకా ఉంటాయి, అన్నీ ఒకేలా ఉంటాయి, ఒకదాన్ని చూపిస్తే సరిపోతుందనుకున్నాడు.

బబ్లూ దగ్గర ఆ జాతివి నిజంగానే ఉన్నాయి. ఒకే పెట్టెలో అయిదారు. ప్రేమ్‌రాజ్ ఒకదాన్ని వేలితో చూపించబోతుండగా బబ్లూ అతన్ని చూశాడు.

"ఏందన్నా, మళ్ల కొంటవా? ఆ కరిసేదాన్ని ఏం చేసినవ్?"

స్వీటీ బబ్లూను అడిగింది. "నీకే ఇచ్చిండు గద?"

"నాకా? నేనేడ తీస్కున్ననమ్మా? వద్దని వాపస్ పంపిచ్చిన." బబ్లూ ప్రేమ్‌రాజ్ ముఖం చూసి స్టూలు మీంచి లేచాడు. పావురాలకు మేత వేసే డబ్బా తీసుకుని దుకాణం వెనక్కి వెళ్లాడు.

స్వీటీ తండ్రి వైపు తిరిగింది.

"ఖాళీ జాగల వదిలిపెట్టిన బిడ్డా" అన్నాడు ప్రేమ్‌రాజ్. "గల్లీ చివర్ల. పల్లీలు గూడ పోసిన."

"ఎన్నడు?"

"సోమవారం."

స్వీటీ పెట్టెలోని హ్యామ్‌స్టర్లను కాసేపు చూసింది.

"ఇంటికి పోదాం" అంది.

"పోదాం. మటన్ తెచ్చి వెట్టిన, వండుకుని తిని—"

"మా ఇంటికి."

ఆటోలో ఆమె అవతలి అంచున కూర్చుంది. చాంద్రాయణగుట్ట దాటాక అడిగింది.

"బతికి ఉంటదా?"

ఉంటుందనడం తేలిక. "ఉండది బిడ్డా" అన్నాడు.

"ఇది నిజమేనా?"

"నిజమే."

"మరి కరవదన్నది?"

"అది గూడ నిజమేననుకున్న. నాకు తెల్వదు గద. నువ్వే చూసినవ్ గద, గోరుతోని గుచ్చినవ్..."

"నేను గట్టిగ గుచ్చలే" అంది స్వీటీ. "నొప్పి లేనట్టు నటించినవేమో."

"ఒట్టు బిడ్డా."

ఆమె గింజల డబ్బాను ఒళ్లో పెట్టుకుని రోడ్డు వైపు చూసింది.

రూప ఆటో చప్పుడు విని బయటికి వచ్చింది. పన్నెండు కూడా కాలేదు. "ఏమైంది, గింత జల్ది?" అని అడిగింది. స్వీటీ ఆటో దిగి తండ్రి వైపు చూడకుండా తల్లి పక్కకు వెళ్లి నిలబడింది.

"అమ్మా, వచ్చే ఐతారం నేను పోను."

"మళ్ల కరిసిందా?"

"లేదు. దాన్ని పిల్లులకు వేసిండు."

"వెయ్యలేదు బిడ్డా" అన్నాడు ప్రేమ్‌రాజ్. "పిల్లుల్ని అదిలిచ్చిన. రాయి గూడ విసిరిన."

ఆ మాటతో అక్కడ నిజంగానే పిల్లులున్నాయని ఇద్దరికీ తెలిసింది. ఆమె అరవలేదు. కూతురి భుజం మీద చెయ్యి వేసి లోపలికి పంపింది.

"రానన్నది. విన్నవ్ గద" అంది. "మామకు నువ్వే చెప్తవా, నేను చెప్పాల్నా?"

"నేనే చెప్త."

"సరిగ్గ చెప్పు."

రూప గేటు వేసి గడియ పెట్టింది. ఆటోవాడు ఇంజను ఆపలేదు. "వాపస్ చల్నా క్యా భాయ్?" అని అడిగాడు. ప్రేమ్‌రాజ్ ఫోను తీసి ఓదెలు నంబరు నొక్కాడు. మొదటి రింగు వినపడగానే కట్ చేసి ఆటో ఎక్కాడు.