రెండు పొరల అద్దం

ఎసెన్‌గుల్ బండికి ఏ రోజూ సెలవు లేదు. సోమ, బుధ, శుక్రవారాల్లో మాత్రం ముందు సీటు ఎవరికీ ఇవ్వడు. అది భార్యది. పొద్దున్నే ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని టీ తాగేవాళ్ళు. అతను గిన్నె మీద గిన్నె, ఆమె ఒక్క గుక్క. కిడ్నీలు చెడినవాళ్ళకి మంచినీళ్ళు కూడా కొలిచి తాగాల్సిందే కదా. తర్వాత ఆమె బోర్సోకుల మూట, అదే నూనెలో వేయించిన పిండిముక్కలు, ఒళ్ళో పెట్టుకుని బండెక్కేది. అతను బస్టాండు దగ్గర "బిష్కెక్, బిష్కెక్" అని గొంతు చించుకుని, వెనక సీట్లు నిండాక బయల్దేరేవాడు. బోమ్ కనుమ దాటి, నగరం చేరి, ఆమెని ఆసుపత్రి గుమ్మంలో దింపి, లోపల యంత్రం ఆమె రక్తాన్ని కడుగుతున్నంతసేపూ బండిలోనే కునుకు తీసేవాడు. మళ్ళీ అదే దారిన వెనక్కి. ఎన్నేళ్ళుగానో ఇదే తిరుగుడు. ఇద్దరి మొహాల్లోనూ నెత్తురు చుక్క లేదు. జబ్బు ఎవరికో కొత్తవాళ్ళు పోల్చుకోలేకపోయేవాళ్ళు.

మా బాలిక్చిలో గాలి గురించి కొత్తగా చెప్పేదేముంది. పడమటి నుంచి ఉలాన్ గాలి వస్తుంది, తూర్పు నుంచి సంతాష్ వస్తుంది, రెండూ ఊరి పక్క సరస్సు మీద కలబడి కొట్టుకుంటాయి, మధ్యలో మా ఇళ్ళ రేకులు లేచిపోతాయి. మనుషుల్ని పేరు పెట్టి పిలిచేది మాత్రం ఉలానే. పిలిస్తే పలక్కూడదు, అంతే. పలికినవాళ్ళని పట్టుకుపోతుంది. నిరుడు ముసలి సాదిర్ కంచె బాగుచేసుకుంటూ పరధ్యానంలో "ఆఁ, వస్తున్నా" అనేశాడు. పోస్టాఫీసు కప్పు మీదుగా వెళ్ళిపోతుంటే వీధి వీధంతా చూశాం. చేతిలో సుత్తి కూడా అలాగే ఉంది. "ఆ సుత్తి పక్కింటివాళ్ళది, అదన్నా పడేసి పోరాదా" అని వాళ్ళావిడ ఏడుస్తూనే తిట్టింది. చిన్నపిల్లల్ని మాత్రం ఉలాన్ ఎప్పుడూ పిలవలేదు. ఎందుకని మేమెవరం ఆలోచించలేదు. గాలిని కూర్చోబెట్టి అడుగుతామా ఏంటి?

ఆ చలికాలంలో ఉలాన్ ఎసెన్‌గుల్ భార్యని పిలవడం మొదలుపెట్టింది. ఊళ్ళో ఆమె గడప దాటేది కాదు కాబట్టి దానికి కనుమలోనే దొరికేది. కొండల మధ్యకి బండి రాగానే ఆమె వైపు అద్దానికి, అరిగిపోయిన రబ్బరు బీడింగుకి మధ్య సందులోంచి మొదలయ్యేది.

"బురు...ల్. బురు...ల్."

వెనక సీట్లలోవాళ్ళు మర్యాద తెలిసినవాళ్ళు. దగ్గేవాళ్ళు, గోధుమపిండి ధర ఎత్తేవాళ్ళు, పాటలు పెట్టమనేవాళ్ళు. ఎసెన్‌గుల్ పాటలు గట్టిగా పెట్టేవాడు. గాలి ఇంకాస్త గట్టిగా పిలిచేది. మొదట్లో బురుల్ మూట గట్టిగా పట్టుకుని, పెదాలు బిగించి, ఎదర రోడ్డుకేసే చూస్తూ కూర్చుంది. వసంతం వచ్చేసరికి తల అద్దానికి ఆనించి వినడం మొదలుపెట్టింది.

ఒక శుక్రవారం తిరిగొచ్చాక చెప్పులు విప్పుతూ అంది, "ఇవాళ దాని గొంతు ఎంత మెత్తగా ఉందో."

ఎసెన్‌గుల్ చటుక్కున ఆమెవైపు తిరిగాడు. "ఏంటి ముసలీ, కొంపదీసి పలుకుతావా ఏంటి?"

"అలిసిపోయాను, ముసలోడా."

"అలసట ఎవరికి లేదు? నాకు లేదా?"

"నీకూ ఉంది. చూస్తూనే ఉన్నాగా. అందుకే అంటున్నా."

అతనికి ఆ రాత్రి నిద్ర రాలేదు. ఆమె లేకపోతే తను ఆ రోడ్డు మీద ఎందుకు తిరగాలో, ఎవరికోసం తిరిగి రావాలో ఎంత ఆలోచించినా తోచలేదు.

మర్నాడు బస్టాండులో అబ్దిష్‌తో చెప్పాడు. అబ్దిష్ కూడా అదే దారిలో బండి తోలతాడు, నోటికి తాళం ఉండదు.

"అన్నా, నీ బండి తలుపులా అవి? జల్లెడలు! గాలి పేరేం ఖర్మ, ఇంటిపేరు, గోత్రం, ఏడు తరాల తాతల పేర్లు కూడా చదువుతుంది వాటిల్లోంచి."

"వేళాకోళాలకి ఓపిక లేదురా."

"సరే, విను. ఇదే బండిలో కలవారి రకం ఉంటుంది చూశావా, దానికి ముందు తలుపుల్లో రెండు పొరల అద్దం వేస్తారు. రెండు అద్దాల మధ్య పల్చటి పొరేదో అతికించి ఉంటుంది. లోపల కూర్చుంటే బయట పెళ్ళవుతున్నా తెలీదు. పాత బండ్ల బజార్లో అలాంటిది ఎక్కడో ముక్కు పచ్చడై పడుంటుంది, వెతుకు. మా చిన్నాన్నకి అదే వేశాం. ఉలాన్ పక్కనే పరిగెడుతుందట, పాపం, ఒక్క ముక్క వినపడదట."

ఎసెన్‌గుల్ ఆ సోమవారం కునుకు మానేసి బజారంతా తిరిగాడు. ముందుభాగం నుజ్జయిన బండి ఒకటి దొరికింది. పక్క అద్దాలు చెక్కు చెదరలేదు. అంచు పట్టుకుని చూస్తే మధ్యలో సన్నటి గీత. వాటిని దుప్పట్లో చుట్టి, భార్య కాళ్ళ దగ్గర పెట్టి తీసుకొచ్చాడు.

షెడ్డువాళ్ళకి ఇవ్వమన్నాడు అబ్దిష్. ఇవ్వలేదు. "వాళ్ళకేం, ఎక్కడో సందు వదిలేస్తారు. పోయేది వాళ్ళ పెళ్ళామా?" అని తనే పెరట్లో పనిముట్లు పరుచుకున్నాడు. తలుపు లోపలి పలక లాగుతుంటే క్లిప్పులు సగం పటపటా విరిగాయి. ఒక్కో క్లిప్పుకీ ఒక్కో తిట్టు తిట్టాడు. వెనకాల అతికించిన ప్లాస్టిక్ కాగితం మెల్లగా ఒలిచి, అద్దాన్ని సగం దాకా దించితే బోల్టులు కనిపించాయి. అవి విప్పుతున్నప్పుడు అద్దం జారి లోపల పడకుండా పైన ఎవరో పట్టుకోవాలి. బురుల్ వచ్చి నించుంది.

"ఆ చెయ్యి కాదు, ముసలీ! సూదులు గుచ్చే చెయ్యి. ఇంకోటి పెట్టు."

"తెలుసులే. నువ్వు నీ బోల్టులు చూసుకో."

పాతది బయటికి వచ్చింది. కొత్తది మందం కాబట్టి పాత బీడింగులో దూరలేదు. బీడింగు పీకి, కొత్తది పరిచి, సబ్బునీళ్ళు రాసి, అటూ ఇటూ ఆడించి దింపాడు. మీట నొక్కితే మోటారు ముక్కింది, మూలిగింది. బరువుకి అద్దం నత్తలా పైకి పాకింది.

"మేడ మెట్లెక్కుతున్న మా అత్తగారిలా ఉంది," అంది బురుల్.

"నెమ్మదైతేనేం, మూసుకుంటుందిగా. అయినా నువ్వు దించే పనేముంది?" అన్నాడతను. పాత అద్దాన్ని కోళ్ళగూటికి ఆనించి, చేతులు కడుక్కున్నాడు. ఎన్నాళ్ళకో ఆ రోజు కూనిరాగం తీశాడు.

బుధవారం కనుమలోకి బండి దిగింది. రోడ్డు పక్క ముళ్ళపొదలు నేలకి వంగిపోతున్నాయి, ఎదురొచ్చే లారీల టార్పాలిన్లు ఎగిరెగిరి కొట్టుకుంటున్నాయి, బండిలో మాత్రం చీమ చిటుక్కుమనలేదు. ఉలాన్ బురుల్ పక్కనే ఉందని దుమ్మునిబట్టి తెలుస్తోంది. అద్దాన్ని నాలుగువైపులా తడిమి చూసుకుంటోంది. ఎసెన్‌గుల్ గెలిచినవాడిలా మీసం దువ్వుకున్నాడు. "నిద్రపో, ముసలీ. హాయిగా నిద్రపో."

ఆమె కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందనే అనుకున్నాడు.

ఆ తర్వాతే ఆమె మరీ చిక్కిపోవడం మొదలైంది. ఆసుపత్రివాళ్ళ కాగితాల్లో ఏ తేడా లేదు. అయినా ఇంట్లో మాట తగ్గింది, ఆ ఒక్క గుక్క టీ కూడా గిన్నెలోనే చల్లారిపోయేది. బండిలో అద్దం మీద అరచెయ్యి ఆనించి కూర్చునేది. పిల్లలంతా వీధిలో ఆడుకుంటుంటే జ్వరమొచ్చి లోపల ఉండిపోయిన పిల్లలా బయటికి చూసేది. ఇంకేం చెయ్యాలో ఎసెన్‌గుల్‌కి పాలుపోలేదు. బీడింగు మరోసారి నొక్కి చూశాడు, తలుపు అడుగున స్పాంజి పట్టీ అతికించాడు. సందే లేదు. ఇక మిగిలింది ఏంటో అతనికి అర్థం కాలేదు.

మేలో ఒక సోమవారం వెనక సీట్లో ఒక తల్లీ, కూతురూ ఎక్కారు. ఆ పిల్ల ఒక్కచోట కుదురుగా ఉండే రకం కాదు. తల్లి కనుమ మొదలయ్యేలోపే అలిసిపోయింది.

"బెగాయ్, కూర్చో. బెగాయ్, అంకుల్ సీటు తన్నకు. ఒసే బెగాయ్, ఆ చేప ఇప్పుడు విప్పకే, బండంతా కంపు కొడుతుంది! బెగాయ్, నిన్నే!"

పిల్ల దేనికీ పలకలేదు. ఎండుచేప పొట్లం విప్పనే విప్పింది.

"వాళ్ళమ్మ ఎన్నిసార్లు పిలిచిందో చూడు," అంది బురుల్ నెమ్మదిగా. "అది ఒక్కదానికీ పలకలేదు. ఎంత ధీమా."

"ఎవరికి?" అన్నాడు ఎసెన్‌గుల్, మలుపు మీద కళ్ళు పెట్టి.

ఆమె మీట నొక్కింది. అద్దం మెల్లగా దిగడం మొదలైంది.

"బురు...ల్," అంది ఉలాన్ వెంటనే. ఎన్నాళ్ళుగానో కాచుక్కూర్చున్న గొంతు.

"ఏం చేస్తున్నావే! అద్దం ఎత్తు!"

"కాసేపు విననీ."

"అయ్యో అక్కా, గాలి పిలుస్తోంది! పలక్కండి!" వెనకాల తల్లి కూతురి చెవులు మూసేసింది.

ఎసెన్‌గుల్ తన వైపు మీట నొక్కాడు. మోటారు మూలిగింది. మందపాటి అద్దం మెట్టు మెట్టూ లెక్కపెడుతున్నట్టు పైకి పాకసాగింది. గాలి లోపలికి దూరి ఆమె తలగుడ్డ అంచు పట్టుకుంది. పక్కన లోయ, ఎదర లారీ, బండి ఆపే చోటు లేదు.

"ముసలీ! వినకే! దాని మాట వినకు!"

"అదొక్కటే నన్ను పేరుతో పిలుస్తోంది, ముసలోడా." బురుల్ కళ్ళలో నీళ్ళు. గాలికి అవి చెవులవైపు జారిపోతున్నాయి. "మా అమ్మ పోయింది. అక్క ఫోను చేసి పిలిచేది, అది కూడా పోయిన చలికాలం పోయింది. నీకు ముసల్దాన్ని, కోడలికి అత్తని, వీధికి ఎసెన్‌గుల్ పెళ్ళాన్ని, ఆసుపత్రిలో ఇంటిపేరుతో అరుస్తారు. ఇంక బురుల్ ఎవరు? ఎవరికీ పనికిరాని పేరు. అది అడుగుతోంది, ఇచ్చేస్తే పోలా?"

సీటు బెల్టు వదులైంది. ఆమె సీటు మీంచి అరచెయ్యంత పైకి లేచింది.

ఎసెన్‌గుల్ వాళ్ళింట్లో మగవాళ్ళు భార్యల్ని పేరు పెట్టి పిలవరు. వాళ్ళ నాన్న పిలవలేదు, తాత పిలవలేదు. పెద్దల ఎదుట అది నామోషీ. కొత్త కోడలిగా ఆమె వచ్చినప్పుడు "ఇదిగో" అనేవాడు, కొడుకు పుట్టాక "కుబాత్ వాళ్ళమ్మా" అన్నాడు, జుట్టు నెరిశాక "ముసలీ" అన్నాడు. పెద్దలంతా పోయి ఎన్నాళ్ళైందో. నామోషీ మాత్రం అలవాటై మిగిలిపోయింది. ఆ పేరు అతని నాలిక మీదికి ఒక్కసారి కూడా రాలేదు.

"బురు...ల్," అంది గాలి. ఆమె నోరు తెరిచింది.

"బురుల్!" అని అరిచాడు ఎసెన్‌గుల్. కొత్త మాట కాబట్టి గొంతులో అడ్డం పడి, కీచుగా, ఎవరో మొగపిల్లాడు అరిచినట్టు వచ్చింది. "బురుల్! ఇటు చూడు! బురుల్!"

ఆమె తెరిచిన నోరు తెరిచినట్టే ఇటు తిరిగింది.

"ఆఁ?" అంది. అతనికి.

దబ్బున సీట్లో పడింది. బోర్సోకులు కింద దొర్లాయి. గాలి తలగుడ్డ ఒక్కటీ లాక్కుని లోయలోకి పోయింది. అద్దం అప్పటికి తాపీగా పైదాకా వచ్చి మూసుకుంది. బండిలో పిల్ల ఎండుచేప నములుతున్న చప్పుడు ఒక్కటే.

"ఏంటి?" అంది బురుల్ కాసేపటికి.

"ఏం లేదు."

"ఏం లేకుండానే పిలిచావా?"

"ఊరికే పిలిచా." అతని చెవులు ఎర్రబడ్డాయి. వెనకాల జనం ఉన్నారాయె.

"ఊరికే అయితే ఇంకోసారి పిలువు."

ఎసెన్‌గుల్ గొంతు సవరించుకున్నాడు. వెనక సీట్లు కనిపించే చిన్న అద్దంలోకి చూశాడు. తల్లి మర్యాదగా కొండలకేసి తిరిగింది. పిల్ల మాత్రం కళ్ళార్పకుండా చూస్తోంది.

"బురుల్."

"ఆఁ," అందామె. మొహం చేతుల్లో దాచుకుని చాలాసేపు ఏడ్చింది. అతను కూడా ఏడ్చాడు కానీ, ఎండ కళ్ళలో పడుతోందని ముందు అద్దం పైనుండే అడ్డురేకు కిందికి దించుకున్నాడు.

ఉలాన్ తర్వాత ఆమెని పిలవలేదు. వాడుకలో ఉన్న పేరు జోలికి అది రాదని మాకు అప్పుడు తెలిసింది. మా వీధిలో ఇప్పుడు మగవాళ్ళు భార్యల్ని పేర్లు పెట్టి పిలుస్తున్నారు. మొదట్లో సిగ్గుతో చచ్చారు, కొందరైతే పేరు మర్చిపోయి ఎవర్నో అడిగి తెలుసుకున్నారు. ఆసుపత్రి తిరుగుళ్ళు తప్పలేదు. ఇద్దరూ అలిసిపోయే ఉంటారు. అద్దాలూ ఆ రెండు పొరలవే.

"ఏం అన్నా, అద్దం పని చేసిందా?" అని అడిగాడు అబ్దిష్ ఒకరోజు.

"చేసింది. మోటారే దిక్కుమాలింది," అన్నాడు ఎసెన్‌గుల్.

నిన్న సాయంత్రం ఆ ఇంటి ముందునుంచి వెళ్తున్నాను. బయట ఉలాన్ రేకులు లేపుతోంది. లోపల్నుంచి ఎసెన్‌గుల్ గొంతు గాలిని మించి వినిపిస్తోంది.

"బురుల్! ఉప్పెక్కడ పెట్టావ్? బురుల్! నిన్నే!"

"చెవులు చిల్లులు పడేలా ఎందుకలా అరుస్తావ్?" అంది ఆమె పెరట్లోంచి. "ఆఁ, వస్తున్నా!"

అని, నెమ్మదిగా గోడ పట్టుకుని, లోపలికి నడిచింది.