రేడియోలో నాలుగో గాటు

మార్కాపురంలో పాత రేడియోలు బాగుచేసేవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను. నా పేరు నిత్యానందం. నాకు నోరెక్కువ, చెవి తక్కువ అంటుంది మా ఆవిడ కరుణమ్మ. రేడియోల దగ్గర నా చెవికి తిరుగులేదు. మనుషుల దగ్గరే తేడా వస్తుంది.

ఏప్రిల్ మొదట్లో బేస్తవారిపేట నుంచి శివకుమారి అనే అమ్మాయి ఆటోలో ఓ వాల్వు రేడియో తెచ్చింది. టేకు పెట్టె, బేకలైట్ నాబులు. స్విచ్ వేస్తే లోపలి గాజు వాల్వులు వేడెక్కి, ఎర్రబడి, అర నిమిషానికి గానీ నోరు విప్పని కాలం నాటిది.

"మా అవ్వది చిన్నాయనా. గొంతు బొంగురుపోయింది, అది బాగైతే చాలు. ఆ పలక ముక్క మాత్రం..."

ఆ మాట పూర్తి కానివ్వలేదు. అప్పటికే నాకు ఒళ్లు మండిపోయింది. ఆ కాలపు రేడియోకి అందమంతా ముందుండే అద్దంలోనే ఉంటుంది. దాని మీద కొలంబో, మద్రాసు, ఢిల్లీ, లండన్ అని ఊళ్ల పేర్లు వరుసగా ఉంటాయి. నాబు తిప్పితే దారానికి కట్టిన ముల్లు ఆ ఊళ్ల వెనకగా నడుస్తుంది. ఊరి పొలిమేర దాటని మనిషి కూడా కూర్చున్నచోటు నుంచే లండన్ పోయి వచ్చేవాడు. ఈ రేడియోకి అద్దమే లేదు. ముల్లు బయటపడి ఉంది. దాని కింద పలకరాయి బద్ద అతికించి, ఉలితో గాట్లు పెట్టారు.

"ఎవురమ్మా ఈ పాడుపని చేసింది?"

"మా తాత సుబ్బన్న. పలకల ఫ్యాక్టరీలో పనిచేసినాడు. ఇప్పుడు లేడు."

పోయిన మనిషని కూడా చూడకుండా, రేడియో అద్దాల గొప్పతనం మీద పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. ఆటోవాడు తొందరపెడుతున్నాడని ఆ పిల్ల వెళ్లిపోయింది.

కండెన్సర్లు రెండు మార్చేసరికి గొంతు తేరుకుంది. పని అయిపోయినా గాట్లు నన్ను వదల్లేదు. ఒక్క గాటున్న చోట ముల్లు పెడితే హైదరాబాద్ పలికింది. జంట గాట్ల దగ్గర విజయవాడ, మూడు గాట్ల దగ్గర కడప. పేర్లు రాయకుండా ఈ గాట్లెందుకు? పెద్దాయనకు చదువు రాదేమో అనుకున్నాను. అన్నిటికన్నా లోతైనది నాలుగో చోట ఉంది, ఒకటే పొడుగు గాటు. అక్కడ ఏ స్టేషనూ లేదు. పొద్దున పెట్టి చూశాను, మధ్యాహ్నం చూశాను. ఉత్త సుయ్యిమనే శబ్దం. మూడు సరిగ్గా పెట్టినవాడు నాలుగోది ఎందుకు తప్పాడు? రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకుని, చివరికి చెయ్యి జారిందని తేల్చేశాను.

ఆ మోడల్ అద్దం నా దగ్గర ఒకటి దాచి ఉంది. పలక బద్దను పీకుతుంటే విరిగింది, చెత్తలో వేశాను. అద్దం బిగించి, పాలిష్ పెట్టి, మెప్పు పొందుదామని పదో రోజున నేనే బేస్తవారిపేట తీసుకుపోయాను.

వాకిట్లో పట్టల మీద మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. మంచం మీద ముసలావిడ మల్లేశ్వరమ్మ. రేడియో పక్కన పెట్టగానే చేత్తో తడిమింది. వేళ్లు అద్దం మీద ఆ చివరి నుంచి ఈ చివరికి జారాయి. అప్పుడు చూశాను ఆవిడ కళ్లు. రెండూ తెల్లగా ఉన్నాయి.

"ఇదేంది నాయనా, నున్నగుంది? ముల్లు ఏడబోయింది? నా గాట్లేవి?"

"నేను చెప్పబోతే చెప్పనిచ్చినాడా అవ్వా?" అంది శివకుమారి.

సిగ్గుతో చచ్చిపోయాను. చూపు పోయిన భార్య వేలికి ముల్లు అందాలని సుబ్బన్న అద్దం తీసేశాడు. నేను మళ్లీ మూసేశాను.

"పెద్దమ్మా, ఆ నాలుగో గాటు దగ్గర ఏమీ రాదు గదా?"

"ఏమీ రాగూడదు నాయనా. ఎవురూ మాట్లాడని చోట చిటపటమంటే యాడనో పిడుగులు పడుతున్నట్టు. వాన మన తట్టు వచ్చేలోపల కాయలు ఎత్తుకుంటాం. ఇంట్లో నాకున్న పని అదొక్కటే. మొన్న రేడియో నీకాడుంటే వాన పడింది. రెండు పట్టల కాయలు తడిసి బూజు పట్టినాయి. ఎవురూ నన్నేమీ అనలా. అదే బాధయింది."

పిడుగు పడితే రేడియో చిటపటమంటుందని ముప్పై ఏళ్లుగా నాకు తెలుసు. దాన్ని నేను గోల అనేవాణ్ణి.

సుబ్బన్న ఉలి, పలక ముక్కలు ఇంకా ఆ ఇంట్లోనే ఉన్నాయి. అద్దం ఊడదీసి, కొత్త బద్ద అతికించి, మూడు స్టేషన్ల గాట్లూ నేనే పెట్టాను. నాలుగోదానికి నాబు ఆవిడకే ఇచ్చాను. ఈసారి నోరు మూసుకుని కూర్చున్నాను.

కడప దాటింది. గరగర తగ్గింది. ఇంకాస్త తిప్పింది. సుయ్యిమనే శబ్దం ఒక్కటే మిగిలింది. "ఈడ పెట్టు" అంది. ఉలి ఆనించాను.

చిట్. కాసేపాగి, చిటపట చిట్.

ఆకాశం వైపు చూశాను. మబ్బు తునక లేదు. "కరెంటు గోలేమో పెద్దమ్మా" అనబోయి ఆగిపోయాను.

ఆవిడ అప్పటికే మంచం దిగి నిలబడింది. "పిల్లా, పట్టలు మడువు! నాయనా, నువ్వు గూడా ఓ చెయ్యెయ్యి."

మిరపకాయల ఘాటుకు తుమ్ముతూ కాయలు బస్తాలకెత్తి మోశాను. ఆఖరి బస్తా వసారాలో దించేసరికి గంట దాటింది. అప్పుడు పడింది మొదటి చినుకు, ఖాళీ వాకిట్లో.