ఆరో మంచం పాసు

నేను ఒక పాసును. ఒంగోలులో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలోకి రోజూ సాయంత్రం అరగంట పాటు రోగి తాలూకు మనిషిని ఒక్కరినే రానిచ్చే పసుపు అట్టముక్కను. నన్ను బస్టాండు ఎదురుగా ఉన్న జిరాక్సు కొట్లో తయారుచేశారు. నాతోపాటు ఇంకో తొమ్మిది మంది పుట్టారు. ఎవరి మంచం వాళ్లది. నా మీద కొట్టొచ్చినట్టు కనిపించేలా ఆరు అంకె వేసి, మెడలో వేసుకోవడానికి నీలం తాడు కట్టారు.

నేను చూసినన్ని మెడలు ఏ పూలదండా చూసి ఉండదు. విభూతి పూసుకున్న మెడలు, తాయెత్తు వేలాడే మెడలు, సిలువ గొలుసు మెడలు. బయట ఎవరి దేవుడు వాళ్లకున్నా, లోపలికొచ్చాక అందరూ ఒకేలా బేరం పెడతారు. బతికిస్తే గుండు చేయించుకుంటామంటారు, కొండకు నడిచొస్తామంటారు, జన్మలో కాఫీ ముట్టమంటారు. రోగి లేచి కూర్చున్న రోజే కింద క్యాంటీన్‌లో కాఫీ తాగినవాళ్లను చూశాను. దేవుడూ చూసే ఉంటాడు. ఇద్దరం పైకి అనలేదు.

జక్రయ్య మాత్రం అన్న మాట మీద నిలబడే రకం. అదే ఆయన కొంప ముంచింది.

ఆయనది కొండపి వైపు పల్లె. బోరు మోటార్లు బాగుచేస్తాడు. భార్య దీనమ్మ పొగాకు ఏరి వేరుచేసే గ్రేడింగు పనికి వెళ్తుంది. ఒకరోజు పొద్దున్నే ఎనిమిది మంది ఆడకూలీలతో బయలుదేరిన ఆటో మలుపులో తిరగబడింది. ఏడుగురు చిన్నాచితకా దెబ్బలతో బయటపడ్డారు. దీనమ్మ తల రోడ్డుకు కొట్టుకుంది. తలకు ఆపరేషన్ చేసి, మత్తులో ఉంచి, నా మంచం మీద పడుకోబెట్టారు.

సాయంత్రం ఐదింటికి నన్ను జక్రయ్య మెడలో వేశారు. మనిషి వచ్చాడు గాని, మనసు ఎక్కడో ఆగిపోయింది. లోపల అందరూ ఒక్కలాగే ఉంటారు. గుండు, కట్టు, ఉబ్బిన మొహం, నోట్లో గొట్టం. ఆయన తిన్నగా నాలుగో మంచం దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. ఆరు అంకె ఆయన రొమ్ము మీదే ఉంది, తల వంచి చూస్తే చాలు. నాకు నోరుంటే అరిచేదాన్ని. ఆదివారం మందిరంలో వెనక గోడకు ఆనుకుని కునుకు తీయడమే తప్ప ప్రార్థన తెలిసిన మనిషి కాడు. అలాంటివాడు ఆ రోజు ఆమె పాదాల మీద చెయ్యి పెట్టి గొణిగాడు.

"ప్రభువా, ఈమెను నాకుంచు. ఇంక జన్మలో నిన్నేమీ అడగను."

అప్పుడు వచ్చింది సిస్టరు. ఈమె మీకేమవుతుందని అడిగింది. నా భార్య అన్నాడు. సిస్టరు నన్ను పట్టుకుని చూసి, మీ ఆవిడ అటు, ఆరులో ఉందని చెప్పింది. జక్రయ్య అటు చూశాడు. ఇరవై ఎనిమిదేళ్లు కాపురం చేసిన మొహం. అదీ ఆయనకు కొత్తగానే ఉంది. ఇంతలో టైమైపోయిందని బయటికి పంపేశారు.

మర్నాడు నాలుగో మంచం ఆమె కళ్లు తెరిచింది. మూడోరోజుకు గొట్టం తీసేశారు. వాళ్ల వాళ్లు సంతోషంగా లడ్లు పంచుతూ జక్రయ్యకూ ఒకటి పెట్టారు. చీమలు పట్టేదాకా దాన్ని చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. దీనమ్మలో ఏ మార్పూ లేదు. అడిగింది దేవుడు ఇచ్చేశాడు కదా, ఇక జక్రయ్య ఏ మొహంతో మళ్లీ అడుగుతాడు?

ఆటోలోంచి బయటపడ్డ ఏడుగురూ, చేతి కట్లతో, కుంటికాళ్లతో, వంతులేసుకుని బస్సెక్కి వచ్చేవారు. ఊళ్లో మందిరంలో గంటకొకరు చొప్పున గొలుసు ప్రార్థన నడుపుతున్నారు. ఎవరొస్తే వాళ్ల చేతిలో జక్రయ్య నన్ను పెట్టేసేవాడు. అడగగలిగినవాళ్లు లోపలికి వెళ్తే ఏదైనా ప్రయోజనం ఉంటుందని ఆయన లెక్క. వాళ్లలో ఒకామె ఒంగోలు, రెండో అంతస్తు, ఆరో మంచం అని దేవుడికి అడ్రసు కూడా చెప్పేది. మొదట్లో నవ్వొచ్చింది. జక్రయ్య సంగతి తలుచుకున్నాక, ఆమె చేసేదే మంచి పని అనిపించింది.

పెళ్లాన్ని చూడ్డానికి లోపలికి కూడా పోడు, రాయి గుండె అని బెంచీ మీద చెవులు కొరుక్కునేవారు. రాయి కాదు, మొద్దుబారిపోయాడు. ఆకలి లేదు, ఏడుపు రాదు. పొగలు కక్కే టీ గటగటా తాగేసి, నాలుక కాలిన సంగతి కూడా తెలియక కూర్చునేవాడు. నాకు ఆయన మీద కోపమూ వచ్చేది, జాలీ వేసేది.

తొమ్మిదోరోజు డాక్టరు ఆయన్ని పిలిచాడు. మత్తు తగ్గిస్తున్నామని, దగ్గరి మనిషి పేరు పెట్టి పిలుస్తూ ఉండాలని, అప్పటికీ స్పృహ రాకపోతే తామేమీ చెప్పలేమని అన్నాడు. జక్రయ్య అలవాటు ప్రకారం నన్ను తీసి, ఆ రోజు ఊరి నుంచి వచ్చిన పాస్టరు గారి భార్య సలోమమ్మకు అందించాడు. ఆమె చెయ్యి చాపలేదు.

"నేను అడగకూడదమ్మగారూ," అన్నాడు.

ఎందుకని ఆమె ఆరా తీయలేదు. "అడిగేదానికి మేమున్నాం గదయ్యా. నువ్వేం అడగమాకు. పోయి పిలువు, అంతే," అని నన్ను మళ్లీ ఆయన మెడలోనే వేసింది.

ఈసారి నన్ను చూసుకుని మరీ నడిచాడు. ఆరో మంచం దగ్గర ఆగి మొహం చూశాడు, పోల్చుకోలేకపోయాడు. చెయ్యి చూశాడు. వేళ్ల సందుల్లో పొగాకు జిగురు ఇంకా నల్లగా ఉంది. ఆ వేళ్లు పట్టుకుని, ఇంట్లో అన్నానికి పిలిచినట్టు, దీనమ్మా అని పిలిచాడు. ఆగి, మళ్లీ పిలిచాడు. అరగంటలో ఇంకొక్క మాట అనలేదు. జవాబు లేదు. మర్నాడూ లేదు. మూడోనాడు ఎడమ కనురెప్ప కదిలింది. వారం తిరిగేసరికి గొట్టం తీశారు, ఆమె ఆయన్ని గుర్తుపట్టింది. బయట ఆడవాళ్లు స్తోత్రాలు చెప్పుకున్నారు. జక్రయ్య తలూపాడు. ఆయనకు మాత్రం సంతోషం కూడా దూరంగా ఎవరికో జరుగుతున్నట్టే ఉంది.

దీనమ్మను వార్డుకు మార్చే ముందురోజు, మంచం పక్కన నిలబడి ఉన్నట్టుండి చెప్పేశాడు.

"మొదటిరోజు నిన్ను గుర్తుపట్టలేదు. నాలుగో మంచం ఆమెను పట్టుకుని, ఈమెను ఉంచు, ఇంకేమీ అడగనని ప్రభువుతో అన్నా. నీ కోసం ఒక్క మాటన్నా అడగలేకపోయా."

దీనమ్మ కళ్లు ఆయన వైపు తిప్పింది. ఇప్పుడు పడతాయి చీవాట్లు అనుకున్నాను. ఆమె గొంతు బొంగురుగా, అతి కష్టం మీద వచ్చింది.

"ఆమెకి నయమైందా మరి?"

"అయింది. నడుచుకుంటా ఇంటికి పోయింది."

"పోన్లే పాపం," అని దీనమ్మ కళ్లు మూసుకుంది.

జక్రయ్య మంచం పట్టీ మీద తల ఆనించి ఏడ్చాడు. ఇన్ని రోజులుగా రాని ఏడుపంతా ఒక్కసారే వచ్చింది. టైమైందని చెప్పడానికి వచ్చిన సిస్టరు ఆయన్ని చూసి, చెప్పకుండానే వెనక్కి వెళ్లిపోయింది. ఐదున్నర దాటాక ఒక్కరు కూడా లోపల ఉండకూడదన్నది రూలు. ఆ రూలు నేనే. అయినా కిమ్మనలేదు.